చూసేవారి ఎడమ

హిందూపురం బజారులో శంకరప్ప తన స్టూడియో తలుపులు తెరిచే వేళకు ఎదుటి బెల్లం మండీలో తూకాలు మొదలయ్యేవి. అతడు ముందుగా పీట వేసుకుని కూర్చుని, ధర్మవరం నుంచి అక్క పంపే పాత పట్టు పేలికతో అద్దాలన్నీ తుడిచేవాడు. కాఫీ ఆ తరువాతే. ఫోటోలు తీయడం అతని వృత్తి. అయితే ఊళ్ళో అతనికి పేరు తెచ్చింది మరొకటి. గడియారమైనా, కళ్ళజోడైనా, బెంగుళూరులో ఎవరో వదిలించుకుంటున్న కెమెరా అయినా, కొనేముందు జనం దాన్ని తెచ్చి అతని చేతిలో పెట్టేవారు. అతడు తిప్పి చూసి, విప్పి చూసి, రెండు మాటల్లో ఏదో ఒకటి చెప్పేవాడు. 'నడుస్తాది' లేదా 'నడవదు'. 'సరిగ్గా ఉండాది' అన్న మాట అతని నోట విన్నవారు లేరు. మనిషి చేసిన ఏ వస్తువులోనైనా కొంత తప్పు ఉండి తీరుతుందనీ, అది ఎంతో కొలిచి చెప్పడమే తన పని అనీ అతని అభిప్రాయం. పెండ్లిచూపులకు పోయివచ్చి కూడా 'నడుస్తాది' అన్నాడని బజారులో ఒక పరిహాసం ఉండేది. అది పరిహాసం కాదని అతని భార్య చెప్పేది.

మలయా జపానువాళ్ళ వశమైన మరుసటి యేడు, పెనుకొండ వకీలు గోవిందరాజులు ఒక తోలుపెట్టెతో రైలు దిగి నేరుగా స్టూడియోకు వచ్చాడు.

"ఏమప్పా శంకరప్పా, ఇట్లాంటిది ఎప్పుడన్నా చూసినావా? మూడు కండ్లుండాయి దీనికి."

"ముక్కంటిని చూడాలంటే లేపాక్షికి పోవాల సామీ. ఈయప్ప అంగడికే వచ్చినాడే," అన్నాడు శంకరప్ప, పెట్టె మూత తీస్తూ.

జర్మనీలో తయారైన జోడుబొమ్మల కెమెరా అది. మధ్య కన్ను గురి చూసుకోవడానికే. బొమ్మ తీసేవి దానికి ఇటూ అటూ ఉన్న రెండు కళ్ళు. వాటి నడుమ ఎడం మనిషి కళ్ళ నడుమ ఉండే ఎడమంతే. రెండూ ఒక్కసారే రెప్ప తెరిచి, వెడల్పాటి ఫిలిం మీద కొద్దిపాటి తేడాతో రెండు బొమ్మలు తీస్తాయి. ఆ రెంటినీ అట్ట మీద పక్కపక్కన అతికించి, చూపుడు పెట్టెలో పెట్టి రెండు కళ్ళతో చూస్తే, రెండూ కలిసి ఒకటవుతాయి. ఆ ఒక్క బొమ్మకు లోతు ఉంటుంది.

"విజయనగరం పడిపోయినాక రాయలవంశం మా పెనుకొండకే గదా వచ్చింది," అన్నాడు వకీలు. "ఆ గోడలు ఒకటొకటే రాలిపోతాండాయి. మామూలు ఫోటోలో గోడకు గోడ అంటుకొనిపోతాది, ఏది ముందో ఏది ఎనకో తెలీదు. రాలిపోకముందే లోతుతో తీసిపెట్టాలని నా ఆశ. అమ్మేవాడు పరీక్షకు గడువిచ్చినాడు. అందరూ గొప్ప కెమెరా అంటారు."

"గొప్పదవునో కాదో నాకు తెలీదు సామీ. నడుస్తాదో లేదో చెప్తా."

ఆ యుద్ధకాలంలో ఫిలిం దొరకడమే కష్టం. వకీలు తెచ్చినవి రెండు చుట్టలు. ఒక చుట్టకు వచ్చేవి కొద్ది జతలు. అందువల్ల శంకరప్ప ఏ జతతో ఏమి తేల్చుకోవాలో ముందే నిర్ణయించుకున్నాడు. దూరాన్ని పరీక్షించడానికి పెనుకొండ కొండ. గీతల నిటారుతనాన్ని పరీక్షించడానికి ధర్మవరం వీధుల్లో సాగదీసి కట్టే పట్టు పడుగు పోగులు. రెండు రెప్పలూ నిజంగా ఒక్క క్షణానే తెరుచుకుంటున్నాయా అని పరీక్షించడానికి, తిరుగుతున్న రాట్నం. తిరిగే చక్రపు ఆకులు రెండు బొమ్మల్లోనూ ఒకే చోట నిలిస్తే రెప్పలు కలిసినట్టు. లేకుంటే లేదు.

శంకరప్ప పెనుకొండలో వకీలు ఇంటి పెరట్లో నిలబడి, బావిగట్టు ముందూ కొండ వెనకా పడేలా ఒక జత తీశాడు. అక్కడినుంచి ధర్మవరం పోయి అక్క ఇంట్లో దిగాడు.

అక్క పేరు పుట్టమ్మ. ఆ వీధిలో నేతకు కావలసిన పట్టుపోగు కండెలు ఆమె చుట్టినంత బిగువుగా మరొకరు చుట్టలేరని ప్రతీతి. భర్త పోయాక కొడుకు ఎర్రప్ప మగ్గంలో కూర్చున్నాడు. పట్టు దొరకడం తగ్గి మగ్గాలు ఆగిపోతున్న రోజుల్లో అతడు పటాళంలో చేరి మలయాకు పోయాడు. ఆ తరువాత అతని ఆచూకీ తెలియడం లేదని సర్కారు నుంచి కబురు వచ్చింది. బతికి ఉన్నాడనీ కాదు, పోయాడనీ కాదు. అతని మగ్గం మీద చీర సగంలో ఆగి ఉంది. ఒకరు మొదలుపెట్టిన చీరలో ఇంకొకరి చెయ్యి పడితే నేత బిగువు మారి అడ్డంగా గీత కనబడుతుంది. అందుకని కోడలు నాగక్క దానిపై గుడ్డ కప్పి, పక్క మగ్గం మీద కూలినేత నేస్తూ ఉండేది. రైలు కూత వినబడినప్పుడల్లా ఆమె చేతిలో పోగును అటూ ఇటూ నడిపే నాడె ఒక క్షణం ఆగేది.

వీధి మొదట్లోనే ఆ ఇల్లు. గడపలో నిలబడితే వీధి నేరుగా రైలుకట్ట దాకా, ఆపైన పట్టాలు ఒకటిగా కలిసిపోయే చోటుదాకా కనబడేది.

శంకరప్ప పడుగును జతగా తీసి, కిటికీలేని నూలుగదిలో ఫిలిం కడిగి, గీతలు నిటారుగానే ఉన్నాయని ఫిలిం మీదే తేల్చుకుని, కొండ జతను ఎండలో కాగితాల మీదకు దించాడు. ఈ కెమెరాతో ఒక చిక్కు ఉంది. లోపల బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి, నిటారుగా తిప్పినప్పుడు ఎడమకన్ను చూసింది కుడివైపుకూ, కుడికన్ను చూసింది ఎడమవైపుకూ చేరుతాయి. కత్తిరించి, అటుదిటు మార్చి అతికించాలి. పొరపాటు జరగకుండా అతడు బొమ్మల వెనక 'ఎ' అనీ 'కు' అనీ రాసి, అతికించమని అక్కకు ఇచ్చాడు. పడుగుకు పెట్టే గంజి ఆ ఇంట్లో ఎప్పుడూ ఉండేది.

"'ఎ' ఎడమపక్క, 'కు' కుడిపక్క. అంతే అక్కా."

"అక్షరాలు నాకూ వస్తాయి లేరా," అంది పుట్టమ్మ.

మరునాడు మధ్యాహ్నపు బండికి వకీలు దిగాడు. అంగవస్త్రంతో చెమట తుడుచుకుంటూ అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగాకే నోరు తెరిచాడు.

"శంకరప్పా, కొండ మా పెరట్లో ఉండాది."

"ఎప్పుడొచ్చింది?"

"నిన్న పొద్దు వాలేటప్పుడు. దొడ్డి గోడకు ఆనుకొని నిలబడుండాది. బావి చూస్తే కొండ ఉండిన చోట ఉండాదంట. మా ఇంట్లో ఆడవాళ్ళు ఆడిదాకా పోయి బిందెలు మోసుకొస్తా నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిడతాండారు. నీ పరీక్షలో ఇదొక భాగమా?"

కొండ ఎంత దూరం నడిచిందన్న విషయంలో పెనుకొండలో నేటికీ రెండు వాదాలున్నాయి. దొడ్డిగోడను తాకిందని వకీలు వంశంవారూ, గోడకూ కొండకూ నడుమ బండి పట్టేంత సందు ఉండిందని ఇరుగుపొరుగువారూ అంటారు. ఈ రెంటిలో రెండోదే నమ్మదగింది. తాకి ఉంటే గోడకు నెర్రె ఉండాలి, లేదు. రావడం గురించి మాత్రం భేదాభిప్రాయం లేదు.

శంకరప్ప లోపలికి పోయి, అక్క అతికించిన అట్టను చూపుడు పెట్టెలో పెట్టి చూశాడు. కొండ ముక్కుకు తగిలేంత దగ్గరలో ఉంది. బావిగట్టు ఎక్కడో దూరాన చింతగింజంత ఉంది.

"అక్కా, 'ఎ' ఎడమపక్క గదా పెట్టమన్నాను?"

"ఎడమపక్కే పెట్టినా."

"ఇది కుడిపక్క."

"నీకు కుడి. బొమ్మకు ఎడమ," అంది పుట్టమ్మ, రాట్నం ఆపకుండానే. "గుళ్ళో అమ్మవారు యాపక్కన ఉంటాదిరా? స్వామికి ఎడమ. ఆ ఎడమ ఎవరిది? దండం పెట్టుకునే నీదా, నిలబడుండే స్వామిదా?"

శంకరప్ప అట్టను పెట్టెలోంచి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మొగుణ్ణీ పెండ్లాన్నీ నువ్వు ఫోటోకు నిలబెట్టేటప్పుడు పెండ్లాన్ని యాపక్క నిలబెడతావు? ఎడమ అంటే కనబడేవాళ్ళ ఎడమే. పుట్టినప్పటినుంచి మాకు అదొక్కటే తెలుసు."

"ఇది చూసేవాళ్ళ ఎడమ అక్కా."

"చూసేవాళ్ళకు గూడా ఒక ఎడమ ఉంటాదని మాకెవురు చెప్పినార్రా?"

వకీలు నవ్వాడు. శంకరప్ప నవ్వలేదు. కొలతలో తప్పు రాలేదు, మాటలో వచ్చింది. ఆ మాట రాసింది తనే. అట్టను నీళ్ళలో నానబెట్టి, గంజి వదిలాక బొమ్మలను విడదీసి, అటుదిటు మార్చి అతికించాడు. ఆ సాయంత్రానికి కొండ తన చోటికి పోయింది, బావి పెరట్లోకి వచ్చింది. కొండతోపాటు దిగిన కోతులు మాత్రం తిరిగి పోలేదు. వకీలు ఇంటి పెంకులు ఆ తరువాత ఏ యేడూ నిలవలేదు.

వకీలు పోయాక పుట్టమ్మ ఇంకో రెండు కండెలు చుట్టింది. రాట్నం తిరుగుతూనే ఉంది. చివరకు అడిగింది.

"దూరముండేది దగ్గరికొస్తే, దగ్గరుండేది దూరం పోవాల్సిందేనా? ఊరికే రాదా?"

"రాదక్కా. రెండు బొమ్మలకీ ఉండే తేడానే లోతు. తిప్పి అతికిస్తే అంతా తిరగబడతాది. ఒకటి ముందుకొస్తే ఒకటి ఎనక్కి పోవాల్సిందే."

"పోయింది చెడిపోతాదా?"

"బావి చెడిపోలేదు గదా. నీళ్ళు అట్లనే ఉన్నాయన్నారు. దూరమైంది, అంతే."

"అంతేనా," అంది పుట్టమ్మ. ఆ మాట ప్రశ్నలా వినబడలేదు.

మరునాడు రాట్నం పరీక్ష. పుట్టమ్మ ఆరోజు తలకు పోసుకుని, పెట్టెలోని మంచి చీర కట్టుకుంది. ఫోటో అంటే ఆడవాళ్ళు అంతేననుకున్నాడు శంకరప్ప. అరుగు మీద వెలుతురు బాగుంటుందని అతడు చెబితే ఆమె ఒప్పుకోలేదు. రాట్నాన్ని తానే ఎత్తుకొచ్చి గడప ముందు, వీధి మధ్యకు చేర్చి, రైలుకట్టకు వీపు పెట్టి కూర్చుంది.

"నా ఎనక పట్టాలు పడతాయా?"

"పడతాయి. కొసదాకా పడతాయి."

"ఇంకేం. తియ్యి."

శంకరప్ప గడపలో నిలబడి మధ్యకంటితో గురి చూసి, రెప్పలు తెరిచి మూశాడు. ఫిలిం కడిగి, కాగితాల మీద బొమ్మలు దించి, భూతద్దంతో చూస్తే, రాట్నపు ఆకులు రెండు బొమ్మల్లోనూ ఒకే చోట నిలిచి ఉన్నాయి. పట్టాలు కలిసే చోట ఒక నల్లని చుక్క మాత్రం కనబడింది. అది ఫిలిం మీద పడిన దుమ్ము అని అతడు తేల్చాడు. ఆ చుక్క రెండు బొమ్మల్లోనూ ఉంది. రెండు చోట్ల ఒకే దుమ్ము పడదు. ఇంకొకరు అలా తేల్చి ఉంటే ఆ సంగతి అతడే ఎత్తిచూపేవాడు. కానీ ఆ పూట బండికి వేళయింది.

"అతికించి పెట్టక్కా. ఈసారి చూసేవాళ్ళ ఎడమ. జ్ఞాపకముండాదా?"

"ఉండాది. ఈసారి తెలిసే అతికిస్తాలే," అంది పుట్టమ్మ. తరువాత కాస్త ఆగి, "నాగక్కకు గంజి కాయడం ఇంకా కుదరదు. నేర్పాల," అంది.

బండి పెనుకొండలో ఆగినప్పుడు వకీలు ప్లాటుఫారం మీద కాచుకుని ఉన్నాడు. శంకరప్ప కెమెరా పెట్టెను కిటికీలోంచి అందించి, "నడుస్తాది సామీ," అన్నాడు. "అతికించేటప్పుడు మాత్రం ఎడమ ఎవరిదో ముందే తేల్చుకోండి."

అతడు హిందూపురంలో మళ్ళీ అద్దాలు తుడుచుకునే పనిలో పడ్డాక, ధర్మవరం నుంచి చీరలు తెచ్చిన వెంకటేశులు అంగడి మెట్టు మీద నిలబడి చెప్పాడు.

"శంకరన్నా, మీ ఎర్రప్ప వచ్చినాడు. మీ అక్క పోయింది."

"పోయిందా?"

"అట్లా పోవడం కాదబ్బా. దూరం పోయింది. కనబడతాండాది."

శంకరప్ప పేలిక చేతిలో ఉండగానే స్టేషనుకు నడిచాడు.

ధర్మవరంలో ఇంటి ముందు, రాట్నం ఉండవలసిన చోట, ఎర్రప్ప గొంతుక్కూర్చుని ఉన్నాడు. భుజాల ఎముకలు చొక్కాను పొడుచుకుని ఉన్నాయి. కాళ్ళకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. మామను చూసి లేవబోయి, గోడ పట్టుకుని ఆగిపోయాడు.

"యాడుంటివిరా?"

"ఆడ జపానోళ్ళ ముండ్లకంచె లోపల నిలబడుంటి మామా. దినామూ కొందర్ని ఎత్తుకొనిపోయి పూడుస్తాండ్రి. నన్నుగూడా చావాల్సినోళ్ళను ఎంచుకొనే వరసలో నిలబెట్టినారు. కన్ను మూసి తెరిచేసరికి మన వీధి." అతడు చెయ్యెత్తి చూపాడు. "అమ్మ ఆడుండాది."

పట్టాలు కలిసిపోయే చోట, చింతగింజంత, రాట్నం ముందు కూర్చున్న మనిషి ఆకారం కనబడుతోంది. చెయ్యి తిరుగుతున్నట్టు కూడా తెలుస్తోంది. శంకరప్ప రైలుకట్ట ఎక్కి ఆ దిక్కుగా నడిచాడు. కాళ్ళు నొప్పి పుట్టేదాకా నడిచాడు. బయలుదేరినప్పుడు ఆమె ఎంత దూరంలో ఉందో, ఆగినప్పుడూ అంతే దూరంలో ఉంది. పట్టాలు కలిసే చోటు ఎవరికీ అందదని అతనికి తెలుసు. తెలిసినా నడిచాడు.

అతడు తిరిగివచ్చేసరికి నాగక్క గడపలో ఉంది. ఆమె ఒడిలో కండెలున్నాయి.

"తెల్లారేసరికి ఈడుంటాయి చిన్నాయనా," అంది. "అత్త చుట్టినవే. ఆ బిగువు ఇంకెవురికీ రాదు."

శంకరప్ప ఒకటి తీసి బొటనవేలితో నొక్కి చూశాడు. అక్క చేతిదే.

ఎర్రప్ప లోపలినుంచి, శంకరప్ప ఆ ఇంట్లో వదిలిపోయిన చూపుడు పెట్టెనూ ఒక అట్టనూ పట్టుకుని వచ్చాడు. రాట్నం బొమ్మల జత. దేవుని పటం వెనక దొరికిందట.

"మామా, నాగక్క నాకు పెనుకొండ కొండ సంగతి చెప్పింది. అతికించడంలో తప్పు జరిగితే కొండ వచ్చిందంట, సరిచేస్తే పోయిందంట. ఇది చూసి చెప్పు. సరిగ్గా అతికించుండాదా, లేదా? తప్పుంటే ఇప్పుడే నీళ్ళలో ఎయ్యి. నా కోసరం అమ్మ ఆడ కూర్చోవాల్సిన పనిలేదు. నేను పోతా."

నాగక్క గడప దిగింది. కండెలు ఒడిలో ఉన్నట్టే ఉండగా, తడిక పక్కనున్న నీళ్ళ తొట్టికీ ఆ ఇద్దరికీ నడుమ వచ్చి నిలబడింది.

శంకరప్ప అట్టను చూపుడు పెట్టెలో పెట్టి, గడపలో వెలుతురుకు తిరిగి, రెండు కళ్ళూ ఆనించాడు. తాను దుమ్మన్న చుక్క ముందుకు వచ్చి నిలబడి ఉంది. అది ఒక మనిషి. ముండ్లకంచె నీడ అతని మొహం మీద గళ్ళుగళ్ళుగా పడి ఉంది. అతని వెనక, ఎంతో దూరంలో, పుట్టమ్మ రాట్నం ముందు మంచి చీరలో కూర్చుని ఉంది. తప్పు ఎక్కడుందో శంకరప్పకు చూసీచూడగానే తెలిసింది. గంజి వదలడానికి పట్టే వ్యవధి కూడా తెలుసు. బొమ్మలు అటుదిటు మారితే కొండలాగే ఎర్రప్పా తన చోటికి తిరిగిపోతాడు, ఆ వరసలోకి. అక్క ఈ గడపలోకి వచ్చి, కూర్చుని, కొడుకు కోసం మళ్ళీ పట్టాలవైపు చూడడం మొదలుపెడుతుంది.

అట్ట అంచు వెంబడి వేలితో తడిమాడు. ఎక్కడా లేవలేదు. పడుగుకు పెట్టే గంజి కంటే చిక్కగా కాచి, మూలమూలకూ ఒత్తి అతికించింది.

ఏ కాలంలో ఏ పనిముట్టు అతని చేతికి వచ్చినా శంకరప్ప చెప్పిన తీర్పులో అబద్ధం ఉన్నట్టు ఎవరూ చెప్పరు. అతని మీద కోపమున్నవాళ్ళు కూడా చెప్పరు. అందువల్ల ఆ సాయంత్రం గడపలో అతడు అన్న మాటను ఎలా లెక్కకట్టాలో తేల్చడం కష్టం.

అతడు చూపుడు పెట్టెను దించాడు.

"సరిగ్గా ఉండాది," అన్నాడు.

ఎర్రప్ప మామ మొహంలోకి చూశాడు. ఆ మాట మామ నోట రాదని చిన్నప్పటినుంచి వింటూ పెరిగినవాడు. ఏదో అడగబోయి, తొట్టికి అడ్డంగా నిలబడిన నాగక్కను చూసి, పట్టాల కొసన తిరుగుతున్న చేతిని చూసి, తల దించుకున్నాడు.

అప్పుడు లోపలికి పోయి, సగం చీర మీది గుడ్డ తొలగించి, గోడ పట్టుకుంటూ మగ్గం గుంతలోకి దిగాడు. నాగక్క తన ఒడిలోంచి ఒక కండె ఇచ్చింది. అతడు దాన్ని నాడెలో పెట్టుకుని, వెలుతురుకేసి ఒకసారి ఎత్తి చూసి, నేయడం మొదలుపెట్టాడు.